కోరాపుట్‌లో ఉన్న మేనకోడలికి, కుందేళ్ల వాసన గురించి

రాయగడ,
శ్రావణ శుక్రవారం

చిరంజీవి మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి రాసేది. నాగావళి ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. వాన ముసురుకి మీ మావయ్య మోకాళ్ల నొప్పులు కాస్త పెరిగాయి. అంతకుమించి చెప్పుకోవలసింది ఏమీ లేదు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. మీ ఇంటావిడ గుమ్మంలో నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "గంధొ, గంధొ" అందనీ, నువ్వేమో గంధం అగరొత్తులు కావాలంటోందేమో అనుకున్నావనీ రాశావు. పార్వతీపురంలో పెరిగినదానివి, నీకు తెలియకపోవడం సహజం. మనకి గంధం అంటే చందనం. ఒడియా వాళ్ల రోజువారీ మాటల్లో గంధొ అంటే చాలావరకు చెడ్డవాసనే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మాటకి నేనూ తికమకపడ్డాను. ఆవిడ నిన్ను కోప్పడలేదు తల్లీ, ఉన్నమాట చెప్పింది. ఆవిడ ముక్కు మీద నమ్మకం పెట్టుకో. నీ ముక్కు మీద ఇప్పుడు పెట్టుకోకు. సంతలో ఎండుచేపలు అమ్మే మనిషికి తన బుట్ట వాసన తెలియదు కదా, రెండు నెలలుగా ఆ గదిలోనే పడుకుంటున్న నీకూ అంతే. అమ్మోనియాకి ముక్కు తొందరగా అలవాటు పడిపోతుంది.

"ఏం చల్లితే పోతుందత్తా?" అని అడిగావు. ఏమీ చల్లకు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే, ఇంతవరకు మీ నాన్నకి కూడా సరిగ్గా చెప్పని ఒక సంగతి చెప్పాలి.

పన్నెండేళ్ల కిందట మా ఇంట్లో మూడు కుందేళ్లుండేవి. వాటిలో తెల్లదాన్ని బూర అని పిలిచేవాళ్లం, బూరుగుదూదిలా ఉండేదని. ఆ ఏడు వాన వదలలేదు. వరండాలోకి జల్లు కొడుతోందని పంజరాన్ని లోపలి గదిలోకి తెచ్చి, చలిగాలి తగలకూడదని కిటికీలు మూసేశాను. నాలుగు రోజులకి వాసన మొదలైంది. పొయ్యిలో బూడిద తెచ్చి పంజరం కింది ట్రేలో చల్లాను. మా అత్తగారు పశువులశాలలో అలాగే చల్లేవారు, చూసి నేర్చుకున్నదే. వాసన తగ్గలేదు సరికదా, కళ్లు మండడం మొదలైంది. సాంబ్రాణి వేశాను. రెండు గంటలు బాగున్నట్టనిపించి మళ్లీ అదే. మర్నాడు ఫినాయిల్‌తో గది కడిగాను.

ఆ వారంలోనే బూర తుమ్మడం మొదలుపెట్టింది. చల్లదనానికనుకున్నాను. దాని ముందుకాళ్ల లోపలివైపు బొచ్చు అట్టలు కట్టింది. మురికనుకుని తడిగుడ్డతో తుడిచాను. అది మురికి కాదు తల్లీ. ముక్కు కారుతుంటే ముందుకాళ్లతో తుడుచుకుంటోంది, ఆ చీమిడి ఎండి అట్టకట్టింది. మేత మానేశాక గానీ నేను పశువుల డాక్టరు కోసం కబురు పెట్టలేదు. ఆయన వచ్చి సంచీ అయినా తెరవకుండా పంజరం ముందు గొంతుక్కూర్చుని, జాలీ దగ్గర ముఖం పెట్టి, "మీరు కూడా ఇక్కడ కూర్చోండమ్మా" అన్నారు. కూర్చున్నాను. రెండు ఊపిర్లు తీసేసరికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నిలబడి నడిచే నాకు కొంచెం వాసనగా తోచింది, ఆ ఎత్తులో దానికి పగలూ రాత్రీ అదే గాలి. కుందేలు మనలాగా ముక్కు మూసుకుపోతే నోటితో ఊపిరి తీసుకోలేదు, దానికి ఉన్నది ముక్కు ఒక్కటే. అమ్మోనియా ఆ ముక్కు లోపలి పొరని రేపిపెడితే, చాలా కుందేళ్లలో పైకి కనపడకుండా ఉండే పాశ్చరెల్లా అనే సూక్ష్మజీవికి దారి దొరుకుతుంది. డాక్టరు మందిచ్చారు. మర్నాడు తెల్లవారుజామున బూర పోయింది.

ముప్పై ఏళ్లు బళ్లో సైన్సు చెప్పినదాన్ని. సున్నాన్నీ నవాసారాన్నీ అరచేతిలో కలిపి నలిపించి, వాసన చూడండర్రా, ఇదే అమ్మోనియా అని ఎన్ని తరగతుల పిల్లలకి చూపించానో లెక్కలేదు. ఆ సున్నం చేసే పనే నా ట్రేలో బూడిద చేసింది. బూడిద క్షారం. ఆమ్లం ఉన్నచోట అమ్మోనియా లవణమై తడిలోనే అణిగి ఉంటుంది, క్షారం తగిలితే వాయువై పైకి లేస్తుంది. కుందేలు మూత్రం అసలే క్షారగుణం కలది. దాని మీద బూడిదో సున్నమో వేయడమంటే వాసనని తట్టి లేపడమే. ఈ సంగతి తెలిసి ఉండీ ఆ పూట తోచలేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇప్పుడు అసలు వాసన ఎక్కడ పుడుతుందో చూడు. కుందేలు ఒంటికి వాసన లేదు. పిల్లిలాగే అస్తమానం నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. గట్టి పెంటికలకీ దాదాపు వాసన ఉండదు, అది ఎండుగడ్డి పొడే. అప్పుడే పోసిన మూత్రానికి కూడా ఘాటు తక్కువే. అందులో ఉండేది యూరియా, మన రైతులు బస్తాలతో పొలానికి వేసేదే, దానికి వాసన లేదు. మూత్రం పోయి పెంటికల మీద, నానిన గడ్డి మీద పడి నిలవ ఉన్నప్పుడు, అక్కడి సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైముతో ఆ యూరియాని విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. దానికి కావలసినవి తడి, వెచ్చదనం, కొన్ని గంటల వ్యవధి. ఈ మూడింటిలో నీ చేతిలో గట్టిగా ఉన్నవి రెండు: తడి, వ్యవధి. తడిని ఆరనివ్వు, నిలవ ఉండనివ్వకు.

2 కిలోల కుందేలు రోజుకి పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. నీ దగ్గర రెండున్నాయి. తాగినదాంట్లో చాలా భాగం కిందికే రావాలి కదా. వారానికి ఒకసారి, ఆదివారం కడుగుతున్నానని రాశావు. ఎంత బాగా కడిగినా వారానికి ఒకసారి చాలదు. రోజూ పొద్దున్న నీళ్లు కాగేలోపు ట్రే తీసి, తడిసినదంతా పారేసి, కొత్త కాగితం పరిచి పెట్టెయ్. అయిదు నిమిషాల పని. రోజూ చేసే అయిదు నిమిషాలు ఆదివారం చేసే రెండు గంటలకంటే ఎక్కువ పని చేస్తాయి.

ట్రేలో ఏం పరచాలి? వరి ఊక తెచ్చుకున్నావు, మిల్లులో ఊరికే వచ్చింది కాబట్టి. ఊక నీళ్లు పీల్చుకోదు తల్లీ. మూత్రం దానిలోంచి జారి అడుగున మడుగు కడుతుంది, పైకి మాత్రం పొడిగా కనిపిస్తుంది, అందుకే నీకు తెలియలేదు. అడుగున నాలుగు పొరలు పాత వార్తాపత్రిక వేసి, పైన వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా వచ్చే పొట్టు చల్లు. మెత్తటి రంపపు పొట్టు వద్దు, ఆ దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. పాలిష్ వేసిన చెక్కదీ, ప్లైవుడ్‌దీ, నీలగిరి చెక్కదీ కూడా తేకు. మీ వైపు నీలగిరి తోటలెక్కువ, ఆ నూనె ఘాటు మనకి ఆరోగ్యంగా తోస్తుంది గానీ మూసిన గదిలో కుందేలుకి బాధే. పొట్టు దొరక్కపోతే కాగితాలు పీలికలు చింపి వేసినా సరిపోతుంది.

మూల సంగతి రాశావు, "ఎప్పుడూ ఆ ఎడమ మూలకే పోతుంది, కోపంతో చేస్తోందా" అని. అది దాని మంచితనం. మనం ఇళ్లలో పెంచేవి మన అడవి కుందేలు జాతి కాదు. స్పెయిన్, పోర్చుగల్ వైపు నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికిన కుందేళ్ల సంతతి. అలా గుంపుగా బతికేవి కాబట్టి విసర్జనకి చోట్లు కేటాయించుకునే అలవాటు వాటికుంది. ఆ అలవాటు నీ పంజరంలో కూడా పోలేదు. అడ్డుకోకు. ఆ మూలకి సరిపోయే లోతు పళ్లెం ఒకటి పెట్టి, పొట్టు వేసి, పైన గుప్పెడు ఎండుగడ్డి పెట్టు, అక్కడే కూర్చుని గడ్డి తింటూ పని కానిస్తాయి. మొదటి నాలుగు రోజులు తడిసిన కాగితం ముక్క ఒకటి ఆ పళ్లెంలోనే ఉంచు, చోటు గుర్తుపడతాయి. ఒకసారి అలవాటైతే తొమ్మిదిపాళ్లు వాసన ఆ ఒక్క పళ్లెంలోనే ఉంటుంది, నీ పని ఆ పళ్లెం కడగడమే.

పంజరం జాలీదేనని రాశావు, మంచిదే, పెంటికలు కిందికి రాలిపోతాయి. కానీ రోజంతా తీగల మీదే నిలబడితే వెనక మడమలు పుండ్లు పడతాయి. సగానికి ఒక పలక వెయ్యి. చెక్క అయితే మూత్రం పీల్చుకుంటుంది, కాబట్టి రెండు పలకలుంచుకుని మార్చి మార్చి కడిగి ఎండబెట్టు. మీ వైపు సంతల్లో వెదురు పంజరాలు ముచ్చటగా ఉంటాయి, చవకగా వస్తాయి, కానీ ఒక్క వానాకాలానికే వాసన వాటిలో ఇంకిపోతుంది. కొనకు. నీళ్ల సీసా మూత కారుతోందేమో కూడా చూడు. రాత్రంతా బొట్టు బొట్టుగా కారే నీళ్లు ట్రేని తడిపి పెడతాయి. నేను ఒకసారి నెల్లాళ్లు మూత్రమనుకున్నది చాలావరకు సీసా నీళ్లే.

తిండి గురించి ఎవరూ చెప్పరు, వాసనలో సగం అక్కడే ఉంది. ఉడికించిన శనగలు, బిస్కెట్లు, అన్నం పెడుతున్నానని ఎంత ప్రేమగా రాశావో. ప్రేమ సరే, అవి కుందేలు కడుపుకి సరిపడవు. మాంసకృత్తులు ఎక్కువైతే ఒంట్లో యూరియా ఎక్కువ తయారవుతుంది, మూత్రం ఘాటెక్కుతుంది. ఇంకో సంగతి. కుందేలు గట్టి పెంటికలే కాక, మెత్తగా, ద్రాక్షగుత్తిలా అతుక్కున్న మరో రకం కూడా వేస్తుంది, అది ఎక్కువగా రాత్రిపూట. నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. రోత కాదు, మేతలోని బలాన్ని రెండోసారి తీసుకునే పద్ధతి అది, ఆవు నెమరు వేసినట్టు. పిండి పదార్థాలు, తీపి ఎక్కువైతే అవి పలచబడతాయి, తినకుండా వదిలేస్తుంది. ఆ మెత్తటివి కంపు కొడతాయి, వెనక బొచ్చుకి అంటుకుంటాయి, వానాకాలంలో ఈగలు అక్కడ గుడ్లు పెడితే పురుగు పడుతుంది. ఆ పురుగు గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని మేతలో ముప్పాతిక పైన గడ్డే ఉండాలి. గరిక, ఎండబెట్టిన పచ్చిక ఎంత తిన్నా మంచిదే. మీ సంతలో క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు ఊరికే ఇస్తారు, ఒకటి రెండు చాలు, ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. పెట్టిన పచ్చి ఆకు సాయంత్రానికి తినకపోతే తీసెయ్, పంజరంలో కుళ్లనివ్వకు. మేత మాత్రం ఒక్కరోజులో మార్చకు, పది రోజులు పట్టనీ.

ఇక గాలి. 1992లో రాయగడ వేరే జిల్లా అయ్యేదాకా మాకూ కోరాపుటే జిల్లా కేంద్రం. ఆఫీసు పనులకి వచ్చి ఆ చలిలో వణికినదాన్ని, మీ ఊరి గాలి నాకు తెలుసు. మేము 200 మీటర్ల చిల్లర ఎత్తులో, కొండల మధ్య పల్లంలో ఉన్నాం. మీరు దాదాపు 870 మీటర్ల ఎత్తున. మాకు వేసవి కుందేళ్లకి గండం, మీకు వానాకాలమూ చలికాలమూ. జూన్ నుంచి మంచు విడిచేదాకా కోరాపుట్‌లో అందరూ కిటికీలు మూసుకునే ఉంటారు. నువ్వూ మూశావు, వాటికి చలి వేస్తుందని. నేను చేసిన తప్పే అది. పొడిగా ఉన్న కుందేలు నీకంటే బాగా చలి ఓర్చుకుంటుంది, ఒంటినిండా బొచ్చుంది. అది ఓర్చుకోలేనివి తడి, ఎదురుగా కొట్టే ఈదురుగాలి, నిలవ గాలి. పంజరాన్ని కిటికీకి ఎదురుగా కాకుండా పక్క గోడవైపు జరుపు. కిటికీ పై రెక్క ఒకటి రాత్రీ పగలూ తెరిచే ఉంచు, తలుపు కింద సందుకి గుడ్డ పెట్టావేమో, అది తీసెయ్. కింద నుంచి గాలి వచ్చి పై నుంచి పోవాలి. పంజరాన్ని నేల మీద కాకుండా రెండు ఇటుకల ఎత్తున పెట్టు, అడుగున గచ్చు చెమ్మ ఆరుతుంది.

కడగడం గురించి ఒక్క విషయం మాత్రం గుర్తు పెట్టుకోవాలి, ప్రాణానికి సంబంధించింది. ట్రే అడుగున తెల్లగా సున్నంలా పట్టిన పొర రాశావు కదా, బ్రష్‌తో గీకినా పోవడం లేదని. అది సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే. కుందేలు మేతలోని కాల్షియంలో అవసరానికి మించినది మూత్రంలో విసర్జిస్తుంది. ఆ పొరలో వాసన దాక్కుంటుంది. సబ్బుకి పోదు, పులుపుకి పోతుంది. వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి పోసి అరగంట వదిలెయ్, బుసబుసా పొంగి ఊడిపోతుంది. పిండేసిన నిమ్మడిప్పలతో రుద్దినా సరే. వెనిగర్ క్షారాన్ని చంపుతుంది కాబట్టి మిగిలిన అమ్మోనియాని కూడా అణుస్తుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి ఎండలో పెట్టు, ఎండ లేకపోతే గాలికి పూర్తిగా ఆరాకే పంజరం కింద పెట్టు. బ్లీచింగ్ పౌడర్‌ని మాత్రం మూత్రం ఉన్న ట్రేలో ఎప్పుడూ వేయకు. అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది, నీ ఊపిరితిత్తులకీ ప్రమాదమే. వెనిగర్‌తో కూడా దాన్ని కలపకూడదు. ఫినాయిల్, కలరా ఉండలు, కర్పూరం, గదిలో కొట్టే సెంట్లు, అగరొత్తి పొగ, వీటిలో ఏదీ ఆ గదిలోకి రానివ్వకు. వీటితో వాసన పోదు, నీకు తెలియకుండా పోతుంది, అంతే. కుందేలు ముక్కుకి అమ్మోనియా మీద ఇంకోటి తోడవుతుంది.

ఇంతా చేసినా ఘాటు తగ్గకపోతే, నీ రెండు కుందేళ్లలో బూడిదరంగుది మగదేమో చూడాలి. నాలుగైదు నెలలు నిండిన మగది తన చోటని చాటుకోవడానికి గోడలకి చిమ్ముతుంది, ఆ మూత్రం వాసన వేరు. గోడ మీద అడుగు ఎత్తున మరకలుంటే అదే. బీజాలు తీయించే ఆపరేషన్ ఉంది, చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. అయితే కుందేలుకి మత్తివ్వడం ఆవుకి ఇచ్చినంత సులువు కాదు, అలవాటున్న డాక్టరే చేయాలి. తొందరపడకు. ఈలోగా రెండింట్లో ఒకటి ఆడదైతే వెంటనే వేరు పంజరంలో పెట్టు. లేకపోతే నెలరోజులకి ఈనుతుంది, అరడజను పైనే పెట్టొచ్చు, అప్పుడు నీ ఒక్క గదిలో ఏ పద్ధతీ పనిచేయదు.

ఇంటావిడ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకు. పెరట్లో అల్లం, పసుపు వేసిందని రాశావు కదా. రోజూ తీసే పెంటికలు ఒక పాత బకెట్లో మూతపెట్టి ఉంచి, వారానికోసారి ఆవిడ పాదుల్లో వెయ్యి. కోడిపెంటలాగా మొక్కని మాడ్చదు, పచ్చిదే వేసుకోవచ్చు. తడిసిన కాగితం, పొట్టు మాత్రం పెరటి మూల గుంట తీసి మట్టి కప్పు, మూడు నాలుగు నెలల్లో మంచి ఎరువవుతుంది. పది రోజులు ఇవన్నీ చేశాక ఆవిడనే గదిలోకి పిలువు. టీ పెట్టి కూర్చోబెట్టు. ఏమీ అడగకు. కొంగు ముక్కు దగ్గరికి వెళ్తుందో లేదో చూడు, చాలు.

హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో మా పక్కింటి వాళ్లబ్బాయి వచ్చే బుధవారం కోరాపుట్ వస్తున్నాడు. ఎండుగడ్డి ఒక సంచెడు, చిత్రిక పొట్టు ఒక సంచెడు పంపుతున్నాను. ట్రేలు రెండుండాలి, ఒకటి ఆరుతుంటే ఒకటి వాడుకోవడానికి. రేకుది వద్దు, మూత్రానికి తుప్పు పడుతుంది, గట్టి ప్లాస్టిక్‌ది ఇక్కడ దొరుకుతుంది. పంజరం అడుగు పొడవు వెడల్పులు కొలిచి రాత్రికి ఫోన్ చెయ్యి. దానికంటే ముందు, ఈ ఉత్తరం పక్కన పెట్టి, రెండింటినీ ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందుకాళ్లు తిప్పి చూడు. లోపలివైపు బొచ్చు మెత్తగా ఉందా, అట్టకట్టిందా. అట్టకట్టి ఉంటే నాకు ఫోన్ చేసేదాకా ఆగకు, పొద్దున్నే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
మీ అత్త